పాదపూజకు పళ్ళెం మీరే తెచ్చుకోవాలి

మావాడి స్కూలు నుంచి వాట్సాప్‌లో సర్క్యులర్ వచ్చింది. శనివారం ‘మాతృపితృ పాదపూజ’. రెండో తరగతి నుంచే పిల్లల్లో దైవభక్తి, సత్ప్రవర్తన నాటాలని యాజమాన్యం సంకల్పించిందట. పళ్ళెం, చెంబు, పసుపు, కుంకుమ, పూలు మనవి. సంకల్పం మాత్రం వాళ్ళది, దానికి ఐదువందలు.

వెళ్ళాం, వెళ్ళక చస్తామా. గ్రౌండు ఎలాగూ లేదు కాబట్టి సెల్లార్‌లో కుర్చీలు వేశారు. తండ్రులు సాక్సులు విప్పి, ప్యాంట్లు పైకి మడిచి, ఫోన్లో “ఆఁ, మీటింగ్‌లో ఉన్నా” అంటున్నారు. పిల్లలు పోసే నీళ్ళు అమ్మానాన్నల పాదాల కంటే పక్కవాళ్ళ బట్టల మీదే ఎక్కువ పడుతున్నాయి. యాంకర్ మేడం వెనక వేణువు మ్యూజిక్ పెట్టించి, “అమ్మ నిన్ను తొమ్మిది నెలలు మోసింది, ఏడుపు రావట్లేదా నాన్నా?” అని మైకులో నిలదీస్తే ఏడేళ్ళ బుడతలు బెదిరిపోయి నిజంగానే ఏడ్చారు. ఫొటోగ్రాఫర్ పరిగెత్తుకొచ్చి “బాబూ, మళ్ళీ కడుగు, ఇటు చూస్తూ కడుగు” అన్నాడు. పాపం మా పక్కాయన కాళ్ళు నానిపోయాయి. ఆ ఫొటోలు అడ్మిషన్ల ఫ్లెక్సీ ఎక్కుతాయని వేరే చెప్పాలా!

ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం అంటుంది. మావాళ్ళు దానికీ దారి కనిపెట్టారు. సర్క్యులర్ అడుగున “చదివిన ప్రతి పేరెంటూ అంగీకరించినట్టే” అని రాసేశారు. బురఖాలో వచ్చిన ఒకావిడ కుర్చీ అంచున కాళ్ళు ముడుచుకుని కూర్చుంది, కూతురేమో కుంకుమ భరిణె పట్టుకుని టీచరు మొహం చూస్తోంది.

మిగతా ఏడాదంతా విలువల పీరియడ్ ఏమైందని అడక్కండి. శుక్రవారం ఆఖరి పీరియడ్, మ్యాథ్స్ సార్ ఎప్పుడో తినేశారు.

సోమవారం ప్రేయర్‌లో ఫీజు బాకీ ఉన్న పిల్లల్ని పేరుపేరునా పిలిచి లైన్లోంచి బయటకు నిలబెట్టారు. వెనక మైకులో దయ, కరుణ అంటూ పాట. బాకీ ఎవరిది, తలొంచుకుని నిలబడింది ఎవరు? పిల్లల్ని కొట్టడమే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెబుతోంది కదా అని ప్రిన్సిపాల్‌ని అడిగితే “మేనేజ్‌మెంట్ డెసిషన్ సార్” అన్నారు. సిగ్గుందా అయ్యా మీ మేనేజ్‌మెంట్‌కి? శనివారం ఆ పిల్లాడి చేత వాళ్ళ నాన్న కాళ్ళు కడిగించి, సోమవారం బడంతా వింటుండగా అదే నాన్న పరువు తీస్తారా, అదీ వాడి ముందే?