డార్క్ మ్యాటర్‌ని దెయ్యం కథలా చెప్పొద్దు

తిరుపతిలో సైన్స్ ఉపన్యాసం ఎక్కడ జరిగినా డార్క్ మ్యాటర్ (వెలుగు ఇవ్వని, తన ఆకర్షణతోనే జాడ తెలిపే పదార్థం) దగ్గర అందరిదీ ఒకటే పాట. "కంటికి కనపడదు, అదేంటో ఎవరికీ తెలీదు, అంతా మిస్టరీ!" చప్పట్లు. ఇంటర్ పిల్లలు ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇంటికి పోతారు. నాకు ఒళ్లు మండుతుంది.

అది ఏ కణమో తెలీదు, నిజమే. ఏం చేస్తుందో మాత్రం చాలా తెలుసు.

మన పాలపుంతనే తీసుకోండి. నక్షత్రాలన్నీ కలిపితే ఐదారు వేల కోట్ల సూర్యుళ్ల బరువు. చుట్టూ ఉన్న డార్క్ మ్యాటర్ హేలో, అంటే గెలాక్సీని కప్పి ఉన్న పెద్ద ముద్ద, దాదాపు లక్ష కోట్ల సూర్యుళ్ల బరువు. ముందు డార్క్ మ్యాటర్ తన బరువుకు తానే ముద్దలు కట్టింది. అందులోకి వాయువు జారి, చల్లబడి, నక్షత్రాలైంది. 1978లో ఖగోళ శాస్త్రవేత్తలు సైమన్ వైట్, మార్టిన్ రీస్ ఈ దారి చూపించారు. చిన్న హేలోలు కలిసి పెద్దవయ్యేకొద్దీ గెలాక్సీలూ కలిశాయి.

ఇక్కడితో ఆపేస్తే హేలో అంటే గిన్నె, గెలాక్సీ అంటే అందులో పాలు అనిపిస్తుంది. పాలు పొంగితే గిన్నె ఆకారం మారదు కదా. ఇక్కడ మారుతుంది! చిన్న గెలాక్సీల్లో పెద్ద నక్షత్రాలు సూపర్‌నోవాలుగా పేలి వాయువును మళ్లీ మళ్లీ బయటికి తోస్తే, నడిమధ్య డార్క్ మ్యాటర్ కూడా పలచబడుతుందని కంప్యూటర్ నమూనాలు చూపిస్తున్నాయి. మరీ పెద్ద హేలోల్లోనేమో గెలాక్సీ నడిమధ్యనున్న భారీ బ్లాక్ హోల్ వాయువును చల్లబడనివ్వదు. అందుకే నక్షత్రాలు బాగా పుట్టేది పాలపుంతంత హేలోల్లో. అక్కడ కూడా, వాటాకు వచ్చిన మామూలు పదార్థంలో నక్షత్రాలయ్యేది సుమారు 20 శాతమే. ఇంత గొప్ప కథను వదిలేసి మిస్టరీ అంటారేం?

పిల్లలకు అర్థం కాదనే మాట నేను ఒప్పుకోను. ఉపగ్రహం కక్ష్యా వేగం సూత్రం ఇంటర్ ఫస్టియర్‌లోనే ఉంది. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కోసం బట్టీ పట్టేది అదే. గెలాక్సీ మధ్యలోనే బరువంతా ఉంటే, మధ్య నుంచి దూరం 4 రెట్లయ్యేసరికి తిరిగే వేగం సగమవ్వాలి. 1970లో ఖగోళ శాస్త్రవేత్తలు వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ పక్క గెలాక్సీ ఆండ్రోమెడాలో కొలిస్తే, కనపడే వెలుగును బట్టి పడిపోవాల్సినంతగా వేగం పడిపోలేదు. మరి బరువు ఎక్కడుంది? ఈ ప్రశ్న పిల్లల చేతే లెక్క కట్టించి అడిగించొచ్చు.

అయ్యవార్లకు నా విన్నపం ఒకటే. ఫిబ్రవరి 28న సైన్స్ డేకి బోర్డు మీద ఆ దూరం, వేగాల గ్రాఫ్ గీయండి. వీలైతే పిల్లల్ని బస్సెక్కించి తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి తీసుకెళ్లండి. ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు పేరు పెట్టిన 2.3 మీటర్ల టెలిస్కోప్ మన చిత్తూరు సరిహద్దు దాటితే, జవ్వాది కొండల్లోనే ఉంది.