పదహారేళ్లకే బండి ఇవ్వొచ్చట! ఆ ఫార్వర్డ్‌కు నా జవాబు

ఇంటర్ రిజల్ట్స్ కాలం రాగానే మన నల్లగొండ, పాలమూరు గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ మళ్లీ లేస్తుంది. అందులో ఉండేది ఇదీ: "పిల్లగానికి పదహారు నిండితే స్కూటీ లీగలే. పోలీసులు పట్టుకుంటే చలానే కదా, కట్టేస్తే అయిపోతది. ఇన్సూరెన్స్ ఉండంగ భయమెందుకు? ఊర్లల్ల చిన్న పోరలే ట్రాక్టర్లు తోలుతున్నరు. చిన్నగున్నప్పుడే చెయ్యి తిరుగుతది. అమెరికాల పదహారుకే కారు ఇస్తరు. బైకంటే భయమైతే కారే కొనియ్యుండ్రి. బస్సు రాని ఊర్లకు ఇంకేం దారున్నది?" కింద వరుసగా దండాలు, బొటనవేళ్లు. పంపేవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లూ ఉన్నారు కాబట్టి ఒక్కో మాటా పట్టి చూద్దాం.

"పదహారుకు స్కూటీ లీగలే." ఇందులో నిజం పావువంతు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పదహారు నిండినవాళ్లు నడపగలిగేది ఇంజిన్ 50 సీసీ దాటని బండి. అదీ లైసెన్స్ తీసుకున్నాకే. గేర్లు లేకుంటే చాలు, ఎంత సీసీ అయినా ఫర్వాలేదని ఎక్కడా రాయలేదు. యాక్టివా దాదాపు 110 సీసీ. మన రైతులు ఎరువు బస్తా ముందు పెట్టుకుని పోయే టీవీఎస్ ఎక్సెల్ కూడా వంద సీసీకి రవ్వంత తక్కువ, అంతే. 50 సీసీ కొత్త బండి కావాలని మిర్యాలగూడలో షోరూములన్నీ అడిగి చూడండి. ఇక బ్యాటరీ బండ్ల సంగతి. 250 వాట్ల లోపు మోటారుతో, గంటకు 25 కిలోమీటర్లు దాటకుండా, ఆమోదం పొందిన మోడల్ అయితే దానికి లైసెన్సూ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. కానీ కొన్న వారానికే మెకానిక్ దగ్గర స్పీడ్ లాక్ తీయిస్తే ఆ మినహాయింపు పోతుంది.

"చలానే కదా." ఈ మాట 2019 సెప్టెంబర్ 1 దాకా కొంత చెల్లేది. ఆ రోజు నుంచి 199ఏ అనే సెక్షన్ అమల్లోకి వచ్చింది. మైనర్ బండి నడిపి ఈ చట్టం కింద నేరం చేస్తే తల్లిదండ్రులు గానీ బండి ఓనరు గానీ దోషి. మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ పన్నెండు నెలలు రద్దు. పిల్లవాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. ఆ చివరిది తల్లిదండ్రులకు సరిగ్గా ఎక్కడం లేదనిపిస్తుంది నాకు. డిగ్రీ అయిపోయి ఉద్యోగంలో చేరిన కొడుకు, ఇంటర్‌లో చేసిన పనికి ఇంకా బస్టాండ్‌లో నిలబడాలి. "నాకు తెల్వకుండ తాళంచెవి తీస్కపోయిండు" అంటే కుదురుతుందా? మీ ఒప్పుకోలుతోనే నడిపాడని కోర్టు ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

"ఇన్సూరెన్స్ ఉన్నది." అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. కొత్త టూవీలర్‌తో పాటు అయిదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) అంటగడతారు కాబట్టి కాగితం బండిలో ఉంటుంది, మనకు ధీమా ఉంటుంది. లైసెన్స్ లేనివాడు గుద్దితే ఆ కాగితం ఎలా పనిచేస్తుందో చూడండి. చనిపోయిన మనిషి కుటుంబానికి ముందు కంపెనీ కట్టాలని, ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్ చెప్పవచ్చు. కట్టిన సొమ్మును ఓనరు దగ్గర రాబట్టుకునే హక్కు మాత్రం కంపెనీకి ఉంటుంది. 2011లో సుప్రీంకోర్టుకు అచ్చం ఇలాంటి కేసే వెళ్లింది. మైనర్ మేనల్లుడు మోటార్ సైకిల్ తీసుకెళ్లాడు. అడక్కుండా తాళాలు తీసుకున్నాడని ఓనరు వాదించాడు. అయినా కంపెనీ అతని దగ్గర వసూలు చేసుకోవచ్చనే కోర్టు తేల్చింది. ట్రిబ్యునల్ తీర్పు సొమ్మును భూమి శిస్తు బకాయిలాగా కలెక్టర్ ద్వారా వసూలు చేయించే ఏర్పాటు కూడా చట్టంలో ఉంది. అంటే వ్యవహారం పొలం దాకా రావచ్చు. ఓనర్ డ్రైవర్‌కు ఉండే 15 లక్షల ప్రమాద బీమా మీద కూడా మైనర్ పిల్లవాడికి ఆశ లేదు. దానికి బండి తన పేరున ఉండాలి, తనకు లైసెన్స్ కూడా ఉండాలి.

"ఊర్లల్ల పోరలు ట్రాక్టర్లు తోలుతున్నరు." తోలుతున్నారు, నిజమే. దుక్కిలో, చిన్న గేరులో, ఎదురుగా ఎవరూ రాని చోట. అదే ట్రాక్టర్ ట్రాలీతో తారు రోడ్డెక్కితే కథ వేరు. 2018లో వలిగొండ మండలం వేములకొండ దగ్గర కూలీల ట్రాక్టర్ మూసీ కాల్వలో పడి పది మందికి పైగా పోయారు.

"చిన్నగున్నప్పుడే చెయ్యి తిరుగుతది." చెయ్యి తిరగడానికి వారం చాలు, దాని మీద పేచీ లేదు. ఏప్రిల్ వచ్చిందంటే మన రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లు కనబడవు. వెనక లైటు లేని ట్రాలీ ఉంటుంది. జాతీయ రహదారి మీద యూటర్న్ దాకా పోవడానికి బద్ధకించి రాంగ్ రూట్లో వచ్చే బైకు ఉంటుంది. ఎదుటివాడు ఏం చేయబోతున్నాడో ముందే ఊహించడం చేతికి సంబంధించిన పని కాదు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, వాళ్లలో 44.5 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లే.

"అమెరికాల పదహారుకే." మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌నే తీసుకోండి. పదిహేనుకు లెర్నర్ లైసెన్స్. అది కనీసం ఆరు నెలలు చేతిలో ఉండాలి. క్లాసులు కాక, పక్కన పెద్దవాళ్లు కూర్చుని ముప్పై గంటలు నడిపించాలి, అందులో పది గంటలు రాత్రిపూట. పదహారుకు ఇచ్చేది కూడా షరతుల లైసెన్సే. అర్ధరాత్రి నుంచి పొద్దున అయిదు దాకా, కొన్ని మినహాయింపులు తప్ప, నడపకూడదు. ఇంటివాళ్లు కాని, ఇరవై ఒకటి నిండని స్నేహితుల్లో ఒక్కరినే ఎక్కించుకోవాలి. ఇంత చేసినా అక్కడ పదహారు నుంచి పందొమ్మిదేళ్లవాళ్లు నడిపిన ప్రతి మైలుకు ప్రాణాలు పోయే ప్రమాదాల లెక్క పెద్దవాళ్లకు దాదాపు మూడింతలు. ఫార్వర్డ్ రాసినాయన పదహారు అనే అంకె ఒక్కటి దిగుమతి చేసుకుని మిగతాదంతా అక్కడే వదిలేశాడు.

మన దగ్గర ఆ పద్ధతి అసలే లేదనీ కాదు. పద్దెనిమిదికి లెర్నింగ్ లైసెన్స్, ఎల్ బోర్డు, కారైతే పక్కన లైసెన్స్ ఉన్న మనిషి, ముప్పై రోజుల తర్వాతే టెస్ట్. కానీ జరిగేది వేరు: ఆ ముప్పై రోజులూ లైసెన్స్ కాగితం బీరువాలో ఉంటుంది, పిల్లవాడు ఒంటరిగా రోడ్డు మీద ఉంటాడు. నన్నడిగితే లైసెన్స్ వచ్చాక కూడా ఆరు నెలలు అమ్మో నాన్నో పక్క సీట్లో ఉండాలి. వానలో, రాత్రిపూట, నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కేటప్పుడు. అప్పటిదాకా ఇంటి బండే, తాళంచెవి పెద్దవాళ్ల దగ్గరే. సొంత బండి మాట ఆ తర్వాత.

"బైకు భయమైతే కారు." లోపల కూర్చున్నవాడికి కారు మేలే, సీటు బెల్టు పెట్టుకుంటే. కానీ బైకు మీద ముగ్గురు ఎక్కే చోట కారులో ఆరుగురు ఎక్కుతారు, పాటల సౌండ్ పెరుగుతుంది. రోడ్డు పక్కన నడిచే ముసలామెకు ఏ మేలూ లేదు. 2024 మేలో పుణెలో ఇద్దరు ఇంజినీర్ల ప్రాణం తీసింది పదిహేడేళ్లవాడు నడిపిన ఖరీదైన కారే.

చివరిది, "బస్సు రాని ఊర్లు." దీన్ని కొట్టిపారేయలేను. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల పిల్లలకు పొద్దున బస్సు తప్పితే కాలేజీ తప్పినట్టే. 2023 డిసెంబర్ నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సుల్లో రద్దీ పెరిగి మగపిల్లలు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్నారు. అయినా ఊళ్లో పదిమంది తండ్రులు తలా లక్ష పెట్టి పది బైకులు కొనడానికి ముందు, ఏ కాలేజీకి ఎంతమంది, ఏ టైముకు పోతున్నారో ఒక కాగితం మీద రాసి డిపో మేనేజర్‌కు ఇవ్వండి. డిపో మేనేజరే ఫోన్‌లో జనం మాట వినే 'డయల్ యువర్ డీఎం' రోజున ఫోన్ చేసి అదే మాట అడగండి. లేదంటే ఊరంతా చందా వేసుకుని లైసెన్స్ ఉన్న డ్రైవర్‌తో ఒక ఆటో మాట్లాడుకోండి. అయిదారు కిలోమీటర్లకు సైకిల్ చాలు. ఎనిమిదిన్నర ట్రిప్పు ఎనిమిదికి మారితేనే బండి అడగడం మానేసే పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.