ఢిల్లీ క్యాలెండర్‌లో ఒంగోలు, నెల్లూరు ఎక్కడ?

2018 మార్చి చివరి వారం. ఒంగోలు బస్టాండు దగ్గర చిన్న హోటల్లో టీ తాగుతున్నాను. గోడకున్న టీవీలో లోక్‌సభ వస్తోంది. పన్నెండింటికి సభ మళ్లీ మొదలైంది. మంత్రులు కాగితాలు సమర్పించారు. కావేరి బోర్డు కోసం అన్నాడీఎంకే సభ్యులు స్పీకర్ ముందుండే ఖాళీ జాగాలో, అంటే వెల్‌లో, ప్లకార్డులు పట్టుకుని నిలబడ్డారు. అవిశ్వాస తీర్మానం నోటీసులు అందాయని, సభ సజావుగా లేనందున మద్దతిచ్చేవాళ్లను లెక్కపెట్టలేకపోతున్నానని స్పీకర్ సుమిత్రా మహాజన్ చెప్పారు. సభ మర్నాటికి వాయిదా. నా టీ గ్లాసు ఇంకా వేడిగానే ఉంది.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "ఏందయ్యా, యాభై మందిని లెక్కపెట్టడానికి ఇన్ని రోజులా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్న మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

ఆ నోటీసుల్లో మొదటిది ఇచ్చింది మన ఒంగోలు ఎంపీయే. ప్రత్యేక హోదా కోసం వైసీపీ తరఫున వై.వి. సుబ్బారెడ్డి ఇచ్చారు. మార్చి 16న ఎన్డీఏ నుంచి బయటికొచ్చిన టీడీపీ కూడా నోటీసిచ్చింది. నిబంధన ప్రకారం తీర్మానానికి మద్దతుగా 50 మంది సభ్యులు తమ స్థానాల్లో లేచి నిలబడితే చాలు. ఆ తర్వాత పది రోజుల్లోపు చర్చ పెట్టాలి. కానీ గొడవలో లెక్క కుదరలేదన్నారు. ఏప్రిల్ 6న సమావేశాలు ముగిసేదాకా కుదరనే లేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి, అదే మార్చి 14న ఏం జరిగిందో చూడాలి. అప్పుడూ సభలో గొడవే, వెల్ నిండా సభ్యులే. అయినా గిలెటిన్ వేసి, అంటే చర్చ లేకుండానే, శాఖల పద్దులన్నీ కలిపి ఒకేసారి ఓటుకు పెట్టారు. ఆర్థిక బిల్లు కూడా అయిపోయింది. దేశం మొత్తం ఏడాది ఖర్చు అరగంటలో, చర్చ లేకుండా, మూజువాణి ఓటుతో గట్టెక్కింది. అంటే ప్రభుత్వానికి కావలసిన ఓటుకు గొడవ అడ్డం కాలేదు. ప్రభుత్వాన్ని నిలదీసే ఓటుకు మాత్రం అదే గొడవ అడ్డమైంది. మూజువాణి ఓటుకు చెవులుంటే చాలు, లెక్కకు సభ నిశ్శబ్దంగా ఉండాలి. తేడా అంతా ఇక్కడే ఉంది.

చివరికి ఆ తీర్మానం జులై 20న టీడీపీ పేరు మీద చర్చకొచ్చి 126-325 తేడాతో వీగిపోయింది. అప్పటికి నెల్లూరు, ఒంగోలు, తిరుపతి ఎంపీలు సభలో లేరు. ఏప్రిల్ 6నే రాజీనామా చేశారు, జూన్‌లో ఆమోదం పొందాయి. రాజీనామా వాళ్ల నిర్ణయం, దాని మంచిచెడ్డలు వేరే సంగతి. కానీ నోటీసిచ్చినప్పుడే చర్చ జరిగి ఉంటే మార్కాపురం నుంచి సూళ్లూరుపేట దాకా ఓటేసిన జనం తరఫున సభలో ఒక గొంతు వినిపించేది. బాపట్ల నియోజకవర్గంలోకి వచ్చే ప్రాంతం తప్పిస్తే, ఆ రోజు ప్రకాశం, నెల్లూరు జిల్లాల తరఫున మాట్లాడేందుకు లోక్‌సభలో ఎవరూ లేరు.

సభ ఎప్పుడు కూర్చోవాలో నిర్ణయించేది ఎవరు? రాజ్యాంగం 85వ అధికరణ చెప్పేది ఒక్కటే: రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి ఖాళీ ఉండకూడదు. ఇన్ని రోజులు కూర్చోవాలని ఎక్కడా లేదు. తేదీలను కేంద్ర మంత్రివర్గ ఉపసంఘం సిఫారసు చేస్తుంది, రాష్ట్రపతి పేరు మీద పిలుపు వెళ్తుంది. ఏ బిల్లుకు ఎన్ని గంటలో సభా వ్యవహారాల సలహా సంఘం, అంటే బీఏసీ, తేలుస్తుంది. అందులో ప్రతిపక్షాలకూ చోటుంది. కానీ ఏ బిల్లు ముందు తేవాలి, ఏది ఆపాలి అన్నది ప్రభుత్వం చేతిలోని పనే. మామూలు సభ్యుడికి మిగిలేది శుక్రవారం చివరి రెండున్నర గంటలు. ఆ సమయంలో పెట్టిన ప్రైవేటు బిల్లుల్లో చివరిసారి చట్టమైంది 1970లో.

ఈ టైంటేబుల్ మన మీద ఎంత బరువుగా పడిందో 2014 ఫిబ్రవరి చెబుతుంది. విభజన బిల్లు 18న లోక్‌సభలో తలుపులు మూసి, టీవీ ప్రసారం ఆగిపోయి, మూజువాణి ఓటుతో పాసైంది. 20న రాజ్యసభకు వచ్చింది. అక్కడ నెల్లూరు జిల్లా చవటపాలెంలో పుట్టిన వెంకయ్య నాయుడు ప్రత్యేక హోదా అయిదేళ్లు కాదు, పదేళ్లు కావాలని పట్టుబట్టారు. అయిదేళ్లు ఇస్తామని ప్రధాని మన్మోహన్ సింగ్ సభలో ప్రకటించారు. ఆ మాట బిల్లులోకి ఎక్కలేదు. ఎక్కించాలంటే సవరణ చేయాలి, సవరిస్తే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి. ఆ లోక్‌సభకు మిగిలింది ఒక్క రోజు, 21వ తేదీ. అదే దాని ఆఖరి సమావేశం. రాజకీయ కారణాలు ఎన్నయినా ఉండొచ్చు. కానీ హోదా నోటిమాటగా మిగిలిపోవడానికి ఆ ఒక్క రోజు క్యాలెండర్ పెద్ద కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ చట్టాన్ని తెరిచి షెడ్యూళ్లు చదవండి. పదకొండో షెడ్యూలులో పూర్తి చేయాల్సిన ప్రాజెక్టుల జాబితా ఉంది. అందులో మన వెలిగొండ పేరు తప్పుగా అచ్చయింది. మార్కాపురం, కనిగిరి, దర్శి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన మనుషులు ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న ప్రాజెక్టు పేరది. 2021 జులైలో కృష్ణా బోర్డు పరిధిపై కేంద్రం గెజిట్ ఇచ్చినప్పుడు వెలిగొండ సంగతేమిటని ప్రకాశం జిల్లా అంతా టెన్షన్ పడింది. పదమూడో షెడ్యూలు చూడండి. అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉన్న దుగరాజపట్నంలో భారీ ఓడరేవు కట్టాలి, మొదటి దశ 2018 చివరికి పూర్తి కావాలి అని ఉంది. అక్కడా ఊరి పేరు 'దుగ్గిరాజుపట్నం' అయింది. ఓడరేవు రాలేదు. క్లాజు వారీగా కూర్చుని చదివే తీరిక ఉంటే ఒంగోలు ఎంపీయో నెల్లూరు ఎంపీయో లేచి "ఇది మా ఊరి పేరు కాదు" అని ఉండేవాళ్లు. సభలో బిల్లు చదవడానికి ఇచ్చే గంటలంటే ఇవే. వాటిని మిగుల్చుకుంటే ప్రభుత్వానికి పని త్వరగా అవుతుంది, తప్పులు ఊళ్లకు మిగులుతాయి.

సభ కూర్చునే రోజులూ తగ్గిపోయాయి. మొదటి లోక్‌సభ 677 రోజులు కూర్చుంది. 17వ లోక్‌సభ పూర్తి అయిదేళ్లూ ఉండి 274 రోజులే కూర్చుంది. 2020లో వర్షాకాల సమావేశాలు సెప్టెంబర్ 23న ముగిశాయి. ప్రశ్నోత్తరాల సమయం ఆ సమావేశాల్లో పూర్తిగా ఎత్తేశారు. నవంబర్ చివర్లో నివర్ తుపాను వచ్చి నెల్లూరు జిల్లాలో వరి మునిగింది. ఆ ఏడాది శీతాకాల సమావేశాలే పెట్టలేదు. మళ్లీ సభ కూర్చుంది 2021 జనవరి 29న. పంట నష్టం గురించి సభలో కేంద్రాన్ని అడగడానికి రెండు నెలలు గడిచాయి. కొవిడ్ భయం నిజమే. కానీ అదే కొవిడ్‌లో సెప్టెంబర్‌లో బిల్లులు పాసయ్యాయి కదా!

పొగాకు సంగతీ అంతే. టంగుటూరు, కొండపి, పొదిలి, కలిగిరి వేలం కేంద్రాల్లో బేళ్లు పెట్టుకుని రైతు నిలబడేది వేసవిలో. వ్యాపారి పాట పాడకుండా ముందుకు నడిచిపోతే బేలు మళ్లీ ఇంటికి తెచ్చుకోవాలి, అద్దె ట్రాక్టర్ ఖర్చు అదనం. పొగాకు బోర్డు కేంద్రానిది, జవాబు చెప్పాల్సింది కేంద్ర వాణిజ్య శాఖ. అప్పటికి బడ్జెట్ సమావేశాలు చాలా ఏళ్లు ఏప్రిల్ మొదట్లోనే ముగిసిపోయి ఉంటాయి. సభ నడుస్తున్నా రాతపూర్వక ప్రశ్నకు మామూలుగా 15 రోజుల ముందు నోటీసివ్వాలి, ఆ తర్వాత లాటరీలో పేరు రావాలి.

దీనికి మందు కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. 1955లోనే లోక్‌సభ కమిటీ ఒకటి ఏడాది తేదీలు ముందే ఖరారు చేయమంది. బడ్జెట్ సమావేశాలు ఫిబ్రవరి 1 నుంచి మే 7 దాకా. వర్షాకాలానివి జులై 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా. శీతాకాలానివి నవంబర్ 5న గానీ దీపావళి తర్వాత నాలుగో రోజున గానీ, ఏది తర్వాత వస్తే అప్పుడు మొదలుపెట్టి డిసెంబర్ 22 దాకా. అమలు కాలేదు. 2002లో జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ లోక్‌సభ ఏడాదికి కనీసం 120 రోజులు కూర్చోవాలంది. అదీ కాలేదు. బ్రిటన్ కామన్స్ సభలో ఒక్కో సమావేశ కాలానికి 20 రోజులు ప్రతిపక్షాలవి. ఆ రోజుల్లో ఏం చర్చించాలో వాళ్లే చెబుతారు. మన దగ్గర అలాంటి రోజు ఒక్కటీ లేదు. అవిశ్వాసం నోటీసు వస్తే మిగతా పని ఆపి, సభను అదుపులో పెట్టి లెక్కపెట్టి తీరాలని నిబంధన రాసుకోవడానికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు.

ఆ 1955 తేదీలు పెట్టుకుని మన క్యాలెండర్ ఒకసారి చూడండి. ఏప్రిల్‌లో కొండపి వేలం కేంద్రంలో బేలు వెనక్కి వచ్చిన రోజున సభ నడుస్తూ ఉంటుంది. నవంబర్‌లో పెన్నాకు వరద వచ్చి కోవూరు, ఇందుకూరుపేట పొలాలు మునిగిన రోజున కూడా సభ నడుస్తూ ఉంటుంది.