కుడిచేతి వాచీ

విజయవాడలో మాది చిన్న ఫ్లెక్సీ దుకాణం. పెళ్ళికైనా పెద్దకర్మకైనా ఒకటే యంత్రం, చదరపు అడుగుకు ఒకటే రేటు. ఒకసారి పెద్దకర్మ ఫ్లెక్సీ మీద ‘హార్దిక శుభాకాంక్షలు’ అని పడితే కూడా ఎలాగో సర్దిచెప్పుకున్నాను. 2021 కార్పొరేషన్ ఎన్నికల్లో మా వీధి అన్నదమ్ముల దగ్గర మాత్రం నా నేర్పు చాలలేదు.

వాళ్ళ నాన్నగారు పూర్వం కార్పొరేటర్. మేయర్ కావాలన్న కోరిక తీరకుండానే పోయారు. ఆస్తి చెరిసగం పంచుకున్న కొడుకులు ఆ కోరికను మాత్రం ఎవరికి వారు మొత్తంగా తీసుకున్నారు. తీరా 2020లో చూస్తే మేయర్ పదవి మహిళకు రిజర్వయింది. అన్నగారు భార్యను నిలబెట్టారు. పరిశీలనలో ఏదైనా తేడా వస్తే ఉంటుందని తమ్ముడి భార్య చేత డమ్మీ నామినేషన్ వేయించారు. ఇంతలో కరోనా వచ్చి ఎన్నికలు ఆగిపోయాయి. అన్నదమ్ములిద్దరికీ ఇంట్లో కూర్చుని మాట్లాడుకునే తీరిక దొరికింది. కొంప ముంచింది ఆ తీరికే. ఏడాది తర్వాత ఎన్నికలు ఆగిన చోటి నుంచే మొదలయ్యే నాటికి ఇంటి నడుమ గోడ లేచింది, రెండో గేటు వచ్చింది. మార్చి 3న ఉపసంహరణ గడువు దాటినా డమ్మీగారు బరిలోనే ఉన్నారు.

మేయర్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. ముందు డివిజన్‌లో గెలవాలి, ఆపైన 64 మంది కార్పొరేటర్లూ పదవి రీత్యా వచ్చే ఎక్స్ అఫీషియో సభ్యులూ కలిసి ఎన్నుకోవాలి. ఇక్కడ చూస్తే మేయర్ కారు సందులో ఎవరి గేటు ముందు ఆపాలన్న దాని మీద అప్పటికే రెండుసార్లు పంచాయితీ జరిగింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

అన్నగారు సాయంత్రం ఆరింటికి దుకాణానికి వచ్చారు. ఆయన వెళ్ళేదాకా తమ్ముడుగారు ఎదురుగా టీ బడ్డీ వెనక నిలబడి, తర్వాత వచ్చారు. ఇద్దరికీ కావలసింది ఒకటే. పది అడుగులు బై ఆరు, నడుమ భార్య నమస్కారం, పైన మబ్బుల్లోంచి నాన్నగారు. నాన్నగారి మంచి ఫోటో ఒక్కటే ఉంది. అందులో ఆయన కుడివైపుకు చూస్తున్నారు.

“మా గేటుకు కడితే నాన్న అన్నయ్య ఇంటి వైపు చూస్తున్నట్టుంటుంది. ఇటు తిప్పు” అన్నారు తమ్ముడుగారు.

తిప్పాను. మౌసుతో ఒక్క నొక్కు. ఎడమచేతి వాచీ కుడిచేతికి వచ్చింది. గమనించాను కూడా. మబ్బుల్లో ఉన్న మనిషి వాచీ ఎవరు చూస్తారులే అనుకున్నాను.

అర్ధరాత్రి మా కుర్రవాడు వెళ్ళి కట్టి వచ్చాడు. అన్నగారిది తమ్ముడి గేటుకు, తమ్ముడిది అన్నగారి గేటుకు.

తెల్లవారుతూనే రెండు ఫోన్లు. ప్రచార సామగ్రి మీద ముద్రించినవాళ్ళ పేరు, చిరునామా ఉండాలన్నది నిబంధన, కాబట్టి నాకు తప్పించుకునే దారి కూడా లేదు. పరుగెత్తాను. గోడకు అటొకరు ఇటొకరు ఇద్దరు నాన్నగార్లు, ఎదురెదురుగా ఒకరినొకరు తేరిపార చూసుకుంటున్నారు. కింద కొడుకులిద్దరూ చూపులు కలవకుండా నన్ను తిడుతున్నారు.

తోడికోడళ్ళు గోడ దగ్గర నిలబడి నవ్వుతున్నారు. ఆ గోడ మీదుగా గోంగూర పచ్చడి గిన్నె రాకపోకలు ఒక్కరోజు కూడా ఆగలేదని వీధిలో అందరికీ తెలుసు, ఆ ఇద్దరు మొగుళ్ళకు తప్ప.

“అక్కా, మీ గేటుకు నేనే నప్పాను” అంది చిన్నావిడ.

“అయితే ఉండిపో. వంట కూడా నువ్వే చేద్దువుగాని” అంది పెద్దావిడ.

అప్పుడు వాళ్ళ అత్తగారు ముగ్గు గిన్నెతో బయటికి వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని రెండు ఫ్లెక్సీలనూ చాలాసేపు చూశారు.

“ఎడమచేతి వాచీ ఆయన మా ఆయన. ఈ కుడిచేతి వాచీ ఆయన ఎవరు నాయనా?”

నా దగ్గర జవాబు లేదు.

డబ్బు దగ్గర అసలు చిక్కు మొదలైంది. “నా గేటుకు ఉన్నది నాది కాదు, ఎవరిదో వాళ్ళనడుగు” అన్నారు అన్నగారు. తమ్ముడుగారు అక్షరం పొల్లు పోకుండా అదే అన్నారు. ఏడాదిలో వాళ్ళిద్దరూ ఏకీభవించిన మొదటి విషయం అదే. మార్చి 14న లెక్కింపులో ఇద్దరు అభ్యర్థులూ ఓడిపోయారు. ఇక బాకీ మాటే ఎత్తలేకపోయాను.

నెల తర్వాత ధైర్యం చేసి వెళితే, ఆ అత్తగారు మేడ మీద ఉన్నారన్నారు. ఎండలో పది బై ఆరు ఫ్లెక్సీ పరచి ఉంది, దాని మీద తడిగుడ్డ, గుడ్డ మీద వరసగా మినప వడియాలు. గుడ్డ చాలని మూల నుంచి వాచీ ఉన్న చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఆశీర్వదిస్తోంది.

“రెండోది ఏమైందమ్మా?”

“మా ఆయన ఉన్నది మడిచి బీరువాలో పెట్టాను” అన్నారావిడ, నా చేతిలో వడియాల డబ్బా పెడుతూ. “ఇతనెవరో నాకు తెలియదు కదా!”