కీచురాళ్ళ పెట్టె

నల్లమలలో కొండచరియకు పట్టిన తేనెతుట్టె కోసం చెంచు మనిషి తాడు పట్టుకుని లోయలోకి దిగేటప్పుడు, పైన ఆ తాడును బిగించి పట్టుకునేది అతని బావమరిదే అని ఆత్మకూరు వైపు పెద్దలు చెబుతుంటారు. అన్నదమ్ములను ఆ పనికి నిలబెట్టరట. తాడు జారితే తాళి తెగేది తన తోబుట్టువుకే కాబట్టి బావమరిది చేయి సడలదన్నది వారి లెక్క. వర్షారణ్యాల రక్షణ కోసం ఏటేటా జరిగే అంతర్జాతీయ సదస్సులు ఎన్ని తీర్మానాలు చేసినా ఈ లెక్కను మాత్రం పట్టించుకోవు. అమెజాన్ అడవి నిలవాలంటే అది పోతే నిజంగా నష్టపోయే ఆదివాసుల చేతికి తాడు ఇవ్వాలి, అంటే ఆ నేల మీద చట్టబద్ధమైన హక్కు పత్రం ఇవ్వాలి.

ఇది జాలితో చేస్తున్న వాదన కాదు. బ్రెజిల్ 1988 రాజ్యాంగంలోని 231వ అధికరణం ఆదివాసులకు తమ సంప్రదాయ భూములపై హక్కును గుర్తించింది. ఆ దేశ విస్తీర్ణంలో సుమారు 13 శాతం ఇప్పుడు ఆదివాసీ భూములే. ఉపగ్రహ చిత్రాల ఆధారంగా లెక్కలు కట్టే మ్యాప్‌బయోమాస్ సంస్థ ప్రకారం 1990 నుంచి 2020 వరకు చూస్తే, ప్రైవేటు భూముల్లో సహజ వృక్షసంపద 20 శాతానికి పైగా పోగా, ఆదివాసీ భూముల్లో పోయింది దాదాపు 1 శాతమే. మాటో గ్రాసో రాష్ట్రంలో 1961లో ఏర్పడిన షింగు ఆదివాసీ ప్రాంతాన్ని పైనుంచి చూస్తే చుట్టూ సోయా పొలాల బూడిద రంగు, మధ్యలో గీత గీసినట్టు పచ్చదనం కనిపిస్తాయి. ఆ గీత ప్రకృతి గీసింది కాదు, రికార్డుల్లో గీసింది.

అడవిని మింగేది గొడ్డలి అని మనం అనుకుంటాం. అమెజాన్‌లో గొడ్డలికంటే ముందు కాగితం వస్తుంది. అక్కడి భూకబ్జాకు పోర్చుగీసు భాషలో 'గ్రిలాజెం' అని పేరు. గ్రిలో అంటే కీచురాయి. కొత్తగా పుట్టించిన దొంగ దస్తావేజులను కీచురాళ్ళతోపాటు పెట్టెలో వేసి మూసేవారట. కొన్నాళ్ళకు పురుగుల మలంతో కాగితం పసుపు పచ్చబడి, అంచులు తినేసి, తాతల నాటి పత్రంలా తయారయ్యేది. ఇప్పుడు ఆ పెట్టెతో పనిలేదు. 2012 అటవీ చట్టం తెచ్చిన గ్రామీణ పర్యావరణ రిజిస్టరులో ఎవరి భూమి వివరాలు వారే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు కాబట్టి, కబ్జాదారులు ఎవరికీ కేటాయించని ప్రభుత్వ అడవి మీద తమ పేరుతో హద్దులు గీసుకుంటున్నారు. అలాంటి అడవి అమెజాన్‌లో 5 కోట్ల హెక్టార్లకు పైగా ఉంది. పేరు ఎక్కాక చెట్లు కొట్టి, నిప్పు పెట్టి, నాలుగు పశువులను తోలితే అదే స్వాధీనానికి సాక్ష్యమవుతుంది. ఏదో ఒక ప్రభుత్వం ఏదో ఒక రోజు క్రమబద్ధీకరిస్తుందన్న నమ్మకంతోనే చెట్టు కూలుతుంది.

ఆదివాసీ హక్కు దెబ్బకొట్టేది సరిగ్గా ఈ నమ్మకాన్నే. అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పత్రికలో 2020లో వచ్చిన ఒక పరిశోధన ఇదే విషయాన్ని తేల్చింది. గుర్తింపు ప్రక్రియ మొదలైన ప్రాంతాల్లో కాక, బ్రెజిల్ అధ్యక్షుడి ఉత్తర్వుతో పూర్తి హక్కు దక్కిన ప్రాంతాల్లోనే అడవి నరికివేత తగ్గిందట. సగం హక్కుకు ఫలితం లేదు. పూర్తి హక్కు పడిన నేలను రేపు ఎవరూ క్రమబద్ధీకరించలేరు, బ్యాంకు అప్పు ఇవ్వదు, కొనేవాడు దొరకడు. అలాంటప్పుడు కబ్జాదారు రంపపు ఖర్చు ఎందుకు పెడతాడు?

రాయలసీమ వాసులకు ఈ కథ కొత్తగా తోచదు. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో యజమాని పేరు ఉండవలసిన గడిలో చుక్కలు పెట్టి వదిలేసిన భూముల వల్ల తరాల తరబడి దున్నుకుంటున్న రైతు ఎన్ని అగచాట్లు పడ్డాడో, ఆ చుక్కల మాటున ఎందరు పెద్దలు బాగుపడ్డారో మన మండలాల్లో ఎవరిని అడిగినా చెబుతారు. అనంతపురం జిల్లా ఓబుళాపురంలో ఇనుప ఖనిజం తవ్విన రోజుల్లో రిజర్వు ఫారెస్టులో రాష్ట్రాల సరిహద్దు రాళ్ళే చెదిరిపోయి, హద్దు తేల్చడానికి సర్వే ఆఫ్ ఇండియా రావలసి వచ్చింది. ఆ అడవికి కాగితం మీద యజమాని ప్రభుత్వమే, కాపలా కూడా ప్రభుత్వానిదే. అయినా కొండ లారీలెక్కి వెళ్ళిపోయింది. అడవి తనదని చెప్పుకుని అక్కడే బతికే మనిషి ఒక్కడు కూడా లేని చోట, గేటు దగ్గరి ఉద్యోగిని లొంగదీసుకుంటే చాలు. మన దగ్గర భూమి గొడవలన్నీ చివరికి రికార్డు ఎవరి అలమరాలో ఉందన్న ప్రశ్న దగ్గరికే చేరతాయని నేను చాలాకాలంగా అంటున్నాను, అమెజాన్ కూడా అందుకు మినహాయింపు కాదు.

హక్కులు ఇస్తే ఆదివాసులే అడవిని నరికి అమ్ముకుంటారని, పులి బతకదని వాదించేవారున్నారు. హక్కు పత్రం ఉన్నా అమెజాన్‌లోని యానోమామి ఆదివాసుల ప్రాంతంలోకి వేలాదిగా బంగారం తవ్వకందారులు చొరబడలేదా అనేవారూ ఉన్నారు. 1992లో గుర్తించిన ఆ నేలకు కాపు కాయడం మానేసింది ప్రభుత్వం, ఆ తప్పును పత్రం మీదికి నెట్టడం అన్యాయం. ఇక మన అటవీ హక్కుల చట్టం కింద వచ్చే భూమి వారసత్వంగా సంక్రమిస్తుందే తప్ప అమ్ముకోవడానికి వీల్లేదు. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో పులుల అభయారణ్యంలోనే 2011లో సోలిగ ఆదివాసుల గ్రామసభలకు సామూహిక హక్కులు దక్కాయి, పులులేమీ పారిపోలేదు. అడవి గురించి ఎవరికి తెలుసు అంటారా? 1900 తర్వాత శాస్త్రజ్ఞుల కంటపడని కలివి కోడి అనే పక్షిని 1986 జనవరిలో మన కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర పట్టి చూపించింది ఒక స్థానిక వేటగాడే.

నల్లమల వర్షారణ్యం కాదు, ఆకురాల్చే పొడి అడవి. కానీ సూత్రం ఒక్కటే. 2006లో ఆ అటవీ హక్కుల చట్టం వచ్చాక మన ప్రభుత్వాలు హక్కు అంటే తలా రెండెకరాల అటవీ హక్కు పట్టా (ఆర్.ఓ.ఎఫ్.ఆర్.) అన్నట్టు లెక్కలు చెబుతున్నాయి. సేద్యం వచ్చినవాడికి అది మేలే. తేనె, దుంపలు, తపసి బంక కోసం కోనకోనా తిరిగే చెంచుకు రెండెకరాల చెక్క ఏం చేసుకోవాలి? అతనికి కావలసింది తిరుగాడే నేల మొత్తం మీద హక్కు, అదే చట్టం మూడో సెక్షన్‌లో రాసిన ఆవాస హక్కు. మధ్యప్రదేశ్‌లోని డిండోరి జిల్లాలో బైగా ఆదివాసులకు 2015లోనే అది దక్కింది. శివరాత్రికి వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలానికి వేలాది భక్తులు కాలినడకన అడవి దాటుతుంటే దారులు సిద్ధం చేసే వ్యవస్థ, ఆ దారి పక్క గూడెం మనిషి తేనెకు పోతే ఎందుకొచ్చావని అడగడం ఏ న్యాయమో నాకు బోధపడదు.

కనుమ నాడు అహోబిలం నుంచి పారువేట పల్లకీ బయలుదేరుతుంది. చెంచులక్ష్మితో తన పెళ్ళికి రమ్మని నరసింహస్వామి వారాల తరబడి ఊరూరా తిరిగి పిలుస్తాడని మన నమ్మకం. ఆ వరసన స్వామి చెంచుల ఇంటి అల్లుడు. అల్లుడి పేరిట మాన్యాలున్నాయి, పిల్లనిచ్చిన ఇంటివారు మాత్రం తమ కొండల మీద కాగితం కోసం ఎదురుచూస్తున్నారు. 2012లో సవరించిన నిబంధనల ప్రకారం, చెంచుల వంటి అత్యంత బలహీన ఆదివాసీ తెగలకు ఆవాస హక్కులు అందేలా చూడవలసిన బాధ్యత కలెక్టరు అధ్యక్షుడిగా ఉండే జిల్లా స్థాయి కమిటీదే, ఎవరో అర్జీ పెట్టేదాకా ఆగవలసిన పని లేదు. కాబట్టి నంద్యాల కలెక్టరు బైర్లూటిలోనో పెచ్చెరువులోనో గూడెం పెద్దలతో కూర్చుని, వారి నోట ఉన్న కొండల పేర్లు, కోనల పేర్లు ఒక్కొక్కటిగా పటం మీద రాయించాలి.