బొమ్మ తీయడం వేరు, ఆడించడం వేరు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వలస అన్న మాటకు వివరణ అక్కరలేదు. తాతల కాలంలో ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు, తండ్రుల కాలంలో మద్రాసు, హైదరాబాదు వెళ్లారు, మత్స్యకారులైతే ఇప్పటికీ గుజరాత్‌లోని వేరావల్ రేవుకు వెళుతున్నారు. వెళ్లినవాడికి పని దొరకడం ఒక ఎత్తు, ఆ పని తనదని అనిపించుకోవడం మరో ఎత్తు అన్న సంగతి ఇక్కడ ప్రతి ఇంటికీ తెలుసు. లండన్ నుంచి హాలీవుడ్‌కు వలసపోయి, నటిగా పేరు తెచ్చుకుని, ఆ తర్వాత స్వతంత్ర దర్శకురాలిగా మారిన ఐడా లుపినో వృత్తిజీవితాన్ని ఈ కంటితో చూడటం అవసరమని నాకు అనిపిస్తుంది. ఆమెను గురించి రాసేవారు సాధారణంగా మగవాళ్ల పరిశ్రమలో నెగ్గుకొచ్చిన ఆడమనిషి అన్న దగ్గరే ఆగిపోతారు. అది నిజమే కానీ, ఆమె ఎక్కడ గెలిచింది, ఎక్కడ చేతులెత్తేసింది అన్నది దానివల్ల తేలదు.

ఆమె 1918లో లండన్‌లో, తరతరాలుగా రంగస్థలం మీద బతికిన కుటుంబంలో పుట్టింది. తండ్రి స్టాన్లీ లుపినో పేరున్న హాస్యనటుడు. 1933లో, పదిహేనేళ్ల వయసులో పారమౌంట్ సంస్థ పిలుపు మీద అమెరికా చేరితే, అక్కడివాళ్లు మొదట చేసిన పని జుట్టుకు బంగారు రంగు వేయించి తేలికపాటి పాత్రలు ఇవ్వడం. వార్నర్ బ్రదర్స్‌లో చేరాక 1940, 41 సంవత్సరాల్లో ఆమె నటన అందరి దృష్టిలో పడింది. 1941 నాటి 'హై సియెర్రా'లో కథానాయకుడు హంఫ్రీ బోగార్ట్ పేరు కంటే ముందు ఆమె పేరే వేశారు. అయినా అదే సంస్థలో అగ్రతార అయిన బెట్టీ డేవిస్ వద్దన్న వేషాలు తన దగ్గరకు వస్తున్నాయని గ్రహించి, తనను తాను 'పేదవాడి బెట్టీ డేవిస్' అని ఎగతాళి చేసుకునేది. నచ్చని పాత్రలను కాదన్నందుకు సంస్థ ఆమెను సస్పెండ్ చేసేది. అలా జీతం లేకుండా ఖాళీగా ఉన్న రోజుల్లోనే సెట్ల మీద తిరుగుతూ కెమెరా ఎలా పెడుతున్నారో, రీళ్లు ఎలా కత్తిరించి అతుకుతున్నారో చూసి నేర్చుకుంది. శిక్ష అనుకున్నది చదువైంది.

1949లో భర్త కోలియర్ యంగ్‌తో కలిసి సొంత నిర్మాణసంస్థను నిలబెట్టింది. మొదటి చిత్రం 'నాట్ వాంటెడ్' పెళ్లి కాకుండా తల్లి అయిన అమ్మాయి కథ. దర్శకుడు ఎల్మర్ క్లిఫ్టన్ గుండెపోటుతో మంచం పడితే సినిమాను ఆమే పూర్తి చేసి, దర్శకుడిగా మాత్రం ఆయన పేరే ఉంచింది. ఆ వెంటనే తీసిన 'నెవర్ ఫియర్' పోలియో సోకిన నర్తకి కథ. 1934లో తనకూ పోలియో వచ్చింది కాబట్టి ఆ నొప్పి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1950లో వచ్చిన 'అవుట్‌రేజ్' అత్యాచార బాధితురాలి గురించినది. అప్పటి సెన్సారు నియమావళి ఆ నేరం పేరును కూడా తెరమీద పలకనిచ్చేది కాదు. అదే ఏడాది ఆమె దర్శకుల గిల్డ్‌లో, డొరతీ ఆర్జ్‌నర్ తర్వాత, రెండో మహిళా సభ్యురాలైంది. ఈ చిత్రాల ఖర్చు సాధారణంగా 2 లక్షల డాలర్ల లోపే. కొత్త నటులు, వీలైనంతవరకూ నిజమైన వీధులు, తక్కువ రోజులు అన్నది వారి లెక్క.

ఆమె చేతి పని ఏమిటో తెలియాలంటే 1953 నాటి 'ది హిచ్‌హైకర్' చూడాలి. విజయనగరం మూడు లాంతర్లకు దగ్గర్లో ఒక నాటక సమాజం వారి రిహార్సల్ గదిలో, గోడకు తెల్లపంచె కట్టి మేము దాన్ని చూశాం. చేపల వేటకు బయల్దేరిన ఇద్దరు మిత్రులు దారిలో ఒకడిని కారెక్కించుకుంటారు, వాడు హంతకుడు. వాడి కుడికన్ను రెప్ప మూతపడదు. రాత్రి నిప్పు ముందు వాడు దుప్పటి కప్పుకుని పడుకుంటే, తెరిచి ఉన్న ఆ కన్ను వీళ్ల వైపే చూస్తూ ఉంటుంది. పారిపోవచ్చా, కూడదా అన్నది ఆ ఇద్దరికీ తెలియదు, మనకూ తెలియదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, ఏళ్ల తరబడి పరిషత్తు నాటకాలాడిన మనిషి, ఉండబట్టలేక 'ఈడు తొంగున్నాడా, నేదా బాబూ?' అని పైకే అనేశాడు. ఒక రెప్పతో అంత భయం పుట్టించడానికి పెట్టుబడి అక్కరలేదు.

ఆ చిత్రంలోనే మరో సంగతి ఉంది. కథ మెక్సికోలో నడుస్తుంది, అక్కడి మనుషులు స్పానిష్‌లోనే మాట్లాడతారు, కింద అనువాదం పడదు. బందీల్లో ఒకరికి ఆ భాష వచ్చు, హంతకుడికి రాదు. అందుకే వాడు తుపాకీ చూపించి ఇంగ్లీషులో మాట్లాడమని గద్దిస్తాడు. లండన్ యాసను దాచుకుని ఇరవై ఏళ్లు అమెరికన్ పాత్రలు వేసిన మనిషికే ఇది తోస్తుందని నా ఊహ. 1892లో ఇదే విజయనగరంలో తొలిసారి ఆడిన 'కన్యాశుల్కం' ఇక్కడి మాటతీరుతోనే నిలిచింది. అయినా ఆ తర్వాత తెలుగు తెర మన యాసను చాలాకాలం పనిమనిషికీ హాస్యగాడికే కేటాయించింది.

ఇక అసలు చిక్కు. 'అవుట్‌రేజ్', 'ది హిచ్‌హైకర్' వంటివాటిని కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ చేతిలో ఉన్న ఆర్కేఓ అనే పెద్ద స్టూడియో పంపిణీ చేసింది. పంపిణీదారుకు పోయే వాటా తమకే మిగలాలని 1953లో లుపినో సంస్థ 'ది బిగమిస్ట్'ను సొంతంగా విడుదల చేసింది. దర్శకత్వంతోపాటు ఒక కథానాయిక పాత్ర కూడా ఆమెదే. రెండో కథానాయిక జోన్ ఫాంటైన్ అప్పటికి, లుపినోతో విడిపోయిన కోలియర్ యంగ్‌కు కొత్త భార్య, రచయిత యంగే. ఇద్దరు భార్యలున్న మగవాడి కథకు ఇంతకంటే తగిన బృందం దొరకదు! సినిమా బాగుంది, కానీ ఊరూరా థియేటర్లను ఒప్పించి డబ్బు వసూలు చేసుకునే బలగం ఒక చిన్న సంస్థకు ఎక్కడిది? కొద్దికాలానికే సంస్థ మూతపడింది.

అదే 1953లో మద్రాసులో భానుమతి 'చండీరాణి'కి మూడు భాషల్లో దర్శకత్వం వహించారు. ఆమె వెనుక భర్త రామకృష్ణతో కలిసి నడిపిన సొంత భరణీ సంస్థ, స్టూడియో ఉన్నాయి. లుపినో దగ్గర ఆ ఆస్తి లేదు.

ఈ లెక్క ఇక్కడ ఇప్పటికీ మారలేదు. సినీ వ్యాపారంలో ఉత్తరాంధ్ర అంటే ఒక ఏరియా, దాని తాళంచెవి విశాఖపట్నంలో ఉంటుంది. శ్రీకాకుళంలో తీసిన బొమ్మ శ్రీకాకుళంలో ఆడాలన్నా ఆ దారినే రావాలి. 2018లో 'కేరాఫ్ కంచరపాలెం'ను ఎక్కువగా ఆ పేటవాళ్లతోనే తీశారు, అమెరికాలో వైద్యురాలైన ప్రవీణ పరుచూరి దాన్ని నిర్మించి, అందులో నటించారు కూడా. అంత మంచి చిత్రం సైతం జనానికి చేరింది రానా సమర్పణలో, ఒక పెద్ద సంస్థ అండతోనే.

లుపినో ఆ తర్వాత టీవీకి వెళ్లి, ఇతరుల ధారావాహికలకు ఎపిసోడ్లు తీస్తూ బతికింది. పని మానలేదు, 1966లో మళ్లీ ఒక సినిమాకు దర్శకత్వం వహించింది, కానీ కథ ఎంచుకునే హక్కు మాత్రం తిరిగి ఆమె చేతికి రాలేదు. 1995లో కన్నుమూసింది. 'ది హిచ్‌హైకర్' మీద అమెరికాలో ఇప్పుడు ఎవరికీ హక్కులు లేవు, యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతుంది. మా పంచె తెర మీద అది ఆడిన రాత్రి మేము ఖర్చుపెట్టింది టీలకు మాత్రమే.