పారిపోయిన పిటో గొట్టం గారికి

మహారాజశ్రీ 23వ నంబరు పిటో గొట్టం గారికి, బాలానగర్ నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ గానీ, ఇక్కడ నేను కుశలంగా లేను.

ఆ ఆదివారం, బొమ్మ విమానం కిట్‌లో ప్లాస్టిక్ ముక్కలన్నీ అంటుకుని ఉండే ఫ్రేము నుంచి మిమ్మల్ని ఎంతో మర్యాదగా కత్తిరించి ట్వీజర్స్‌తో పట్టుకున్నాను. 'టిక్' అంది. అంతే. 1/72 స్కేల్లో, అంటే అసలులో డెబ్బైరెండో వంతు సైజులో, మిగ్-21 యుద్ధవిమానం మొత్తం కలిపితే జానెడు. అందులో ముక్కు దగ్గర సూదిలా పొడుచుకొచ్చే మీరెంత? అగ్గిపుల్లలో సగం. సెల్‌ఫోను లైటు నేల మీద వాలుగా పెట్టి నీడలు వెతికాను, ఒక మెంతిగింజ దొరికింది. వాక్యూమ్ క్లీనర్ మూతికి పాత చున్నీ ముక్క కట్టి మంచం కిందంతా పీల్చాను. "పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి మీరు ఇల్లు శుభ్రం చెయ్యడం" అంది మా ఆవిడ.

కంపెనీకి రాశాను. ముక్క పెట్టెలోనే లేకపోతే పంపుతారట, మనం పోగొట్టుకుంటే వాళ్ళకు సంబంధం లేదట. ఫ్రేము ఫొటో పంపమన్నారు. అబద్ధమాడదామంటే మీ నంబరు పక్కనే నేను కోసిన గాటు తెల్లగా పళ్ళికిలిస్తోంది.

ఇక మీ స్థానంలో పెట్టడానికి మెడికల్ షాపుకెళ్ళి 21 గేజి సూది, 26 గేజి సూది అడిగాను. పచ్చ టోపీది ఒకటి, గోధుమరంగు టోపీది ఒకటి. "ఎవరికి సార్?" అన్నాడు. విమానానికి అన్నాను. చిల్లర ఇచ్చేదాకా నా మొహంలోకి మళ్ళీ చూడలేదు. చెప్పకూడదు గానీ, సన్నసూది లావుసూదిలోకి వరసైన సంబంధంలా దూరింది. అచ్చుపోసిన మీకంటే నాజూకు. మనసు కష్టపెట్టుకోకండి.

కష్టమంతా అతికించడంలో వచ్చింది. ప్లాస్టిక్ జిగురు ప్లాస్టిక్‌ను కరిగించి అతుకుతుంది, ఉక్కుసూది దానికి లొంగదు. సూపర్ గ్లూ వాడాను. దాని ఆవిరికి కాక్‌పిట్ అద్దం లోపలివైపు శుక్లం వచ్చినట్టు తెల్లబడింది. ఇక గోచీ కోసం పిల్లి, పిల్లి కోసం ఆవు. అద్దం ఊడబీకి, దాని లోపల ఎం-సీల్ కూరి అచ్చు తీసి, మిఠాయి డబ్బా పారదర్శకం మూతను స్టవ్ మీద వేడిచేసి ఆ అచ్చు మీద నొక్కాను. మూడు మూతలు బూడిదయ్యాయి. నాలుగోది కుదిరింది. ఆ మూతల కోసం తిన్న కాజాల లెక్క డాక్టరుగారికి మీరే చెప్పాలి.

అసలు విమానంలో వేగం కొలవడం మీ ఉద్యోగం. మన వాయుసేనలో 1963లో చేరిన మిగ్-21లు 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైరైపోయాయి. నా బల్ల మీదది ఇంకా డ్యూటీలోనే చేరలేదు. ఈ వేగం కొలిచి చెప్పడానికైనా మీరు ఉండాల్సింది.

ఇట్లు,
మోకాళ్ళు అరిగిన మీ యజమాని

తా.క.: ఇవాళ చీపురు దులిపితే నల్లటి ముక్కొకటి రాలింది. పరిగెత్తుకెళ్ళి చూశాను. మీరు కాదు. నిరుడు పోయిన జీపు స్టీరింగు. ఆ జీపును బావమరిది కొడుక్కి ఎప్పుడో ఇచ్చేశాను.